సర్దుబాటు పేరుతో పంచాయితీ

ఆఫీసులో ఇద్దరు ఉద్యోగుల మధ్య గొడవ వస్తే ఏం చేయాలో చెప్పే పుస్తకాలకూ, శిక్షణా తరగతులకూ కొదవ లేదు. వాటి సారం ఒకటే. గొడవకు మూలం అపార్థం, ఇద్దర్నీ గదిలో కూర్చోబెట్టండి, చెరో మెట్టు దిగమనండి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఇద్దరూ ముందు ఒకే మెట్టు మీద ఉన్నారా? ఈ ప్రశ్న మేనేజ్‌మెంట్ శాస్త్రం వేయదు. కులమంటేనే నిచ్చెనమెట్ల అసమానత అన్నారు అంబేద్కర్. అట్టడుగు మెట్టు మీదున్నోడు ఇంకెక్కడికి దిగాలి?

మన పల్లెలకు ఇదేం కొత్త కాదు. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు చేసే రాజీ ఇదే. మాటపడ్డ మాల మాదిగలే 'ఊరి మంచి కోసం' తగ్గాలి. ఇప్పుడు రచ్చబండ పోయి కాన్ఫరెన్స్ హాలు వచ్చింది.

కార్మికులంతా ఒకటే అనే కామ్రేడ్లు కూడా చరిత్ర చూడాలి. బొంబాయి బట్టల మిల్లుల్లో జీతం ఎక్కువొచ్చే నేత విభాగంలోకి అంటరాని కార్మికుల్ని రానివ్వలేదు. నాడెలో దారం నోటితో పట్టాలి, ఎంగిలి అంటుతుందని సవర్ణ కార్మికుల అభ్యంతరం. 1928 సమ్మెలో అంబేద్కర్ ఈ విషయాన్ని సమ్మె నాయకత్వం ముందు పెట్టారు. ఇది అపార్థమా? ఇద్దర్నీ కూర్చోబెట్టి టీ తాగిస్తే పోయేదా? కూలి డబ్బులతో ముడిపడ్డ ఆధిపత్యం ఇది. కులం శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అని 1936లో ఆయన రాసింది ఊరికే కాదు.

మూసిన గది ఎవరికి మేలు చేస్తుందో చట్టమే చెబుతోంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద కులం పేరుతో దూషించడం నేరం కావాలంటే అది పదిమందికీ కనపడేచోట, వినపడేచోట జరగాలి. తమిళనాడులో ఒక రెవెన్యూ ఉద్యోగిని ఆఫీసు ఛాంబర్లో కులం పేరుతో తిట్టారన్న కేసును, అది నాలుగు గోడల మధ్య జరిగిందని చెప్పి 2025 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే ఆఫీసు గదిలో పడ్డ మాటకు సాక్షి ఉండడు, సాక్షి లేకపోతే నేరం ఉండదు.

2018 మార్చి 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు కూడా ఆఫీసు గొడవలోంచి పుట్టిందే. కరాడ్‌లో ఒక ప్రభుత్వ ఫార్మసీ కాలేజీ ఉద్యోగి రహస్య నివేదికలో పైఅధికారులు రాసిన వ్యతిరేక వ్యాఖ్యలే దానికి మూలం. ప్రభుత్వోద్యోగిని అరెస్టు చేయాలంటే నియామకాధికారి అనుమతి కావాలంది కోర్టు. ఇంటి దొంగతనానికి ఇంటాయన్నే తీర్పరిని చేసినట్టు! ఏప్రిల్ 2న దళితులు దేశవ్యాప్తంగా రోడ్డెక్కారు. ఆ ఏడాదే చట్టంలో 18ఎ సెక్షన్ చేరింది. 2019 అక్టోబర్ 1న కోర్టే ఆ ఆదేశాల్ని వెనక్కి తీసుకుంది.

ప్రతి గొడవకీ కులం అంటగడతారని మనమీద నింద. నిజమే, షిఫ్టు కోసమో సెలవు కోసమో వచ్చే తగాదా మాట్లాడుకుంటే తీరుతుంది. మరి తేడా ఎట్లా తెలిసేది? ఇద్దరి కులాల్నీ తారుమారు చేసి చూడండి. అప్పుడు ఆ గొడవ మాయమైతే అది కులం గొడవే.

అట్లని రాజీయే వద్దని కాదు. 2013లో పనిచోట లైంగిక వేధింపుల చట్టం ఒక మంచి సూత్రం పెట్టింది. బాధితురాలు కోరితేనే రాజీ, అదీ డబ్బు మాట లేకుండా. కుల వివక్షకు ఈ సూత్రం ఎందుకు వర్తించకూడదు? 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ 20 మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలంది, మహిళలకు అందులో చోటిచ్చింది. మంచిదే. దళితులకు మాత్రం అట్లాంటి హామీ లేదు.

కాబట్టి మన సంఘాలు అడగాల్సింది ఇది: రాజీ కోరే హక్కు మాటపడ్డవాడికే ఉండాలి. జరిగింది కాగితం మీదకెక్కాలి. ఫిర్యాదు చేసినోడినే బదిలీ చేసి గొడవ తీరిందనడం మానాలి. తీర్పు చెప్పే కమిటీలో మనోళ్లుండాలి. న్యాయం ముందు, సర్దుబాటు తర్వాత. ఈ వరసను తలకిందులు చేసే ఏ శాంతీ మనది కాదు.