రుచి ఎవరిది? కిక్కు ఎవరిది?

ఇంట్లోనే కాక్‌టెయిల్ కలుపుకోవడం ఎలా, మీ నాలుకకు సరిపడే బీరును కనుక్కోవడం ఎలా అని చెప్పే వ్యాసాలు ఆదివారం అనుబంధాల్లో, జీవనశైలి పత్రికల్లో మామూలైపోయాయి. మన సాహిత్య విమర్శకులు వీటిని పట్టించుకోరు. ఇవి సాహిత్యం కాదంటారు. కాని ఈ రాతలు కూడా ఒక మనిషిని నిర్మిస్తున్నాయి. ఆ మనిషికి రుచి తెలుసు, ఎంచుకోవడం తెలుసు, తనంతట తాను కొత్తది కనిపెట్టడం తెలుసు. ఆ మనిషికి కులం లేనట్టే రాస్తారు. అందుకే మేము వీటిని ఒక రచనా ప్రక్రియగా తీసుకుని చదవదలచుకున్నాం. మా వాదన సూటిగా ఇదీ: కలపడం, ఎంచడం అనే రెండు పనులు కొందరి చేతిలో కళ అనిపించుకుంటున్నాయి, మరికొందరి చేతిలో నేరమో వ్యసనమో అనిపించుకుంటున్నాయి. ఈ తేడా సీసాలో పుట్టింది కాదు.

ముందు ఈ వ్యాసాలు ఏం నేర్పుతున్నాయో చూద్దాం. రెండు పాళ్ళు మద్యం, ఒక పాలు నిమ్మరసం, ఒక పాలు చక్కెర పాకం. 'సౌర్' అనే కాక్‌టెయిళ్ళ కుటుంబానికి ఇది మూలసూత్రం. మద్యం రమ్మైతే డైకిరి, విస్కీ అయితే విస్కీ సౌర్, టెకీలాకు పాకం బదులు నారింజ లిక్కర్ తోడైతే మార్గరీటా. పుల్లన, తీపి, ఘాటు ఒకదాన్నొకటి మింగకుండా చూసుకుంటే చాలు, ఎవరైనా కొత్తది కలపొచ్చు. చక్కెర తీసేసి బెల్లం పాకం, నిమ్మ తీసేసి చింతపండు పులుసు, పైన పచ్చిమిరప చీలిక పెడితే దానికి 'దేశీ ట్విస్ట్' అని పేరు. ఈ పాఠంలో తప్పేమీ లేదు. పనికొచ్చే పాఠమే. కాని వాడలో మావోళ్ళు గోళీసోడా కొట్టి, నిమ్మకాయ పిండి, ఉప్పేసి సారాలో కలుపుకున్నప్పుడు వాళ్ళు చేసిందీ ఈ పనే. ఘాటును పులుపుతో లొంగదీశారు. దానికి ఏ వ్యాసమూ పేరు పెట్టలేదు. పైగా 'తాగుబోతులు' అని వాళ్ళకే పేరు పెట్టింది.

బీరు సంగతీ అంతే. మంచి బీరు వ్యాసం చదివితే చాలా తెలుస్తుంది. చల్లని ఉష్ణోగ్రతలో నెమ్మదిగా పులిసేది లాగర్, కాస్త వెచ్చగా పులిసేది ఏల్. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన ఈస్టు వల్లనే వస్తుంది. స్టౌట్‌కు నలుపూ, కాఫీ చేదూ మాడేదాకా వేయించిన బార్లీ ఇస్తుంది. హాప్స్ పువ్వు ఇచ్చే చేదుకు ఐబీయూ అని కొలత ఉంది. చేదు పడనివారు గోధుమ బీరుతో మొదలుపెట్టండి, అలవాటయ్యాక ఇండియా పేల్ ఏల్ దగ్గరికి రండి అని సలహా ఇస్తారు. ఇట్లా మెల్లగా నాలుకను చదివించుకోవాలంటే ఏం కావాలి? పది రకాల బీర్లు దొరికే దుకాణం కావాలి, నచ్చనిది పక్కన పెట్టేయగల డబ్బు కావాలి, ఎవరూ లేవగొట్టకుండా కూర్చునే చోటు కావాలి. మన దేశంలో స్ట్రాంగ్ బీరే ఎక్కువగా అమ్ముడవుతుంది. దాన్ని చూపి మనవాళ్ళకు రుచి తెలియదని నవ్వేవాళ్ళున్నారు. రోజు కూలితో ఒక్క సీసా కొనేవాడు అదే డబ్బుకు ఎక్కువ కిక్కు ఏదిస్తుందో లెక్క చూసుకుంటాడు. దాన్ని రుచి లేమి అనడం దబాయింపు. వాడికి రుచి చూసే వెసులుబాటు ఇచ్చిందెవరు?

రుచిని వర్గీకరించే జ్ఞానం మా పల్లెల్లో లేక కాదు. తాటికల్లు వేరు, ఈతకల్లు వేరు. పోతుతాటి కల్లు, పండుతాటి కల్లు ఒక్కటి కావు. పొద్దున దింపింది తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులుపెక్కుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరాగా నిలుస్తుంది. గాలిలోని ఈస్టుతో కొన్ని గంటల్లోనే కల్లు లాగర్ బీరంత బలానికి చేరుతుంది. తెలంగాణలో 'ఒక్క చెట్టు కల్లు' అడిగి తాగేవాళ్ళున్నారు. నాలుగు చెట్లది కలిపితే ఆ రుచి పోతుందని వాళ్ళకు తెలుసు. స్కాచ్ తాగేవాళ్ళు 'సింగిల్ మాల్ట్' అంటూ ఒకే డిస్టిలరీ సరుకును గొప్పగా చెప్పుకుంటారు. ఒక్క చెట్టును గుర్తుపట్టే నాలుకను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కల్లు బహుజనుల పానీయం, శ్రమ సంస్కృతి ప్రతీక అని రాసి మురిసిపోవడం మాకు ఇష్టం లేదు. గీసే గౌడుకు చెట్టెక్కే ప్రమాదం ఉంది, జ్ఞానం ఉంది. కాని కల్లు మండువలో మాల మాదిగలకు రేక వేరు, కూర్చునే జాగా వేరు. ఎత్తి పోస్తే దోసిట్లోనో తాటాకులోనో పట్టుకుని తాగిన తరాలు మావి. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి గురించి మాట్లాడినంతగా మండువలో రెండు రేకల గురించి మాట్లాడలేదు. పోచమ్మకు, ఎల్లమ్మకు సాక పోసే కల్లు ఒకటే. తాగే వరసలు మాత్రం ఒకటి కాలేదు. దళిత బహుజన ఐక్యత మాట ఈ రేకను దాటి వెళ్ళడం కుదరదు.

మరి కాక్‌టెయిల్ చరిత్రలో శ్రమ ఎవరిది? ఆ కళకు, దాన్ని ఇంట్లో నేర్పే పుస్తకాలకు పుట్టిల్లు అమెరికా కాబట్టి అక్కడికే వెళ్ళి చూడాలి. 1972లో దళిత్ పాంథర్స్ పేరు తెచ్చుకున్నదీ అక్కడి నల్లవారి పోరాటం నుంచే. 1862లో జెర్రీ థామస్ అచ్చువేసిన బార్‌టెండర్ల పుస్తకాన్ని అందరూ ఆదిగ్రంథం అంటారు. 1917లో టామ్ బుల్లక్ అనే నల్లజాతి బార్‌టెండర్ 'ది ఐడియల్ బార్‌టెండర్' ప్రచురించాడు. కాక్‌టెయిళ్ళ మీద నల్లవారు రాసిన తొలి పుస్తకం అదేనంటారు. బుల్లక్ సెయింట్ లూయిస్ కంట్రీ క్లబ్బులో పనిచేశాడు. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1913లో ఒక పరువునష్టం కేసులో సాక్ష్యం చెబుతూ, ఆ క్లబ్బులో మింట్ జూలెప్ కొద్దిగా మాత్రమే తాగానన్నాడు. టామ్ కలిపిన గ్లాసును సగంలో ఎవరు వదులుతారని ఆ ఊరి పత్రిక సంపాదకీయమే రాసి ఎగతాళి చేసింది. అంతటి చెయ్యి అతనిది. అయినా పుస్తకానికి ముందుమాట రాసి అతని యోగ్యతకు హామీ ఇచ్చింది క్లబ్బు పెద్దమనిషి జి. హెచ్. వాకర్. ఆయన పెద్ద బుష్‌కు తల్లి వైపు తాత. క్లబ్బు గదుల్లో హాయిగా కూర్చునేవాళ్ళు తమకు తామే కలుపుకోవడం నేర్చుకోవాలని బుల్లక్ తన పుస్తకాన్ని వాళ్ళకే అంకితం ఇచ్చాడు. ఈ రోజు 'మీ ఇంటి బార్' అని వచ్చే ప్రతి వ్యాసం వెనకా ఆ అంకితం ఉంది. పుస్తకం నిండా పాళ్ళూ పద్ధతులూ ఉన్నాయి, అతని బతుకు మాత్రం లేదు. టెనెసీలో జాక్ డేనియల్‌కు విస్కీ వండడం నేర్పిన బానిస నియరెస్ట్ గ్రీన్ పేరును ఆ కంపెనీ బాహాటంగా చెప్పుకోవడానికి 2016 దాకా పట్టింది.

మన దగ్గర ఈ పనిని చట్టమే చేసింది. 1892లో బొంబాయి ప్రభుత్వం మౌరా చట్టం తెచ్చి ఇప్పపువ్వు మీదే ఆంక్షలు పెట్టింది. ఆదివాసీకి అది తిండి కూడా అన్న సంగతి ఆబ్కారీ ఆదాయం ముందు నిలవలేదు. 2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అదే ఇప్పసారాను 'వారసత్వ మద్యం' చేస్తామని ప్రకటించింది. అడవిలో నేరమైనది సీసాలోకి ఎక్కి లేబుల్ తగిలించుకున్నాక వారసత్వమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారా పాకెట్లు ఊరూరికీ చేర్చింది. మంచినీళ్ళు చేరని వాడలకూ అది చేరింది. 2019 అక్టోబరు నుంచి 2024 దాకా ఆంధ్రలో మద్యం ప్రభుత్వ దుకాణాల్లోనే అమ్మారు. అడిగిన బ్రాండు ఉండేది కాదు, ఇచ్చింది పుచ్చుకోవాలి. అక్కడ వరసలో నిలబడ్డవాడికి 'మీ నాలుకకు సరిపడే బీరు' అనే మాట వెక్కిరింతలా వినబడుతుంది. ఇక కల్లులో క్లోరల్ హైడ్రేటు, డైజోపామ్, ఆల్ప్రజోలం కలిపే దందా మరీ ఘోరం. ఇదీ ఒక 'కలపడమే', కాని తాగేవాడు కలుపుకున్నది కాదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. పేదవాడికి రుచి అక్కర్లేదు, మత్తు చాలు అనుకున్న చోటే ఇట్లాంటి చావులు జరుగుతాయి.

'తాగడం మానండి, బాగుపడతారు' అని మాకు చెప్పడం హరిజనోద్ధరణ కాలం నుంచీ ఉంది. రాజ్యాంగం 47వ అధికరణం కూడా మద్యనిషేధం కోసం ప్రయత్నించమంటుంది. ఆ నీతిని మేము ప్రశ్నిస్తున్నాం. కాని దానికి జవాబుగా తాగుడును తిరుగుబాటుగా కీర్తించే మగ దళిత కవిత్వాన్నీ అంతే గట్టిగా ప్రశ్నిస్తున్నాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు. వాళ్ళలో దళిత స్త్రీలు ముందు నిలిచారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వాళ్ళ పోరాటం వల్లే వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ఆ స్త్రీలను శుచి పిచ్చి ఉన్నవాళ్ళుగా చదవడం అన్యాయం. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే సర్కారు ఖజానాకు చేరడం వాళ్ళ ప్రశ్న. రుచి గురించి మేము మాట్లాడే ప్రతి మాటా ఆ ప్రశ్నకు జవాబుదారీ కావాలి.

ఇంటి బార్ వ్యాసంలో ఇంకొక మనిషి కనబడదు. ఐసు కొట్టి, నిమ్మకాయలు పిండి, తెల్లారి గ్లాసులు కడిగే పనిమనిషి. 'నేనే కనిపెట్టాను' అనే వాక్యంలో ఆమె చేతులు లేవు. ఆమె వాడలోని మనిషే కావడం కాకతాళీయం కాదు.

కాబట్టి ఈ వ్యాసాలను చదవొద్దని మేము అనడం లేదు. చదవాలి, పాళ్ళు నేర్చుకోవాలి, స్టౌటు చేదు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. తమకు నచ్చింది ఎంచుకుని, కూర్చుని, మర్యాదగా తాగే హక్కు దళితులకూ ఉంది, తాగకుండా ఉండే హక్కు ఉన్నట్టే. విద్యార్థులూ కార్యకర్తలూ చేయాల్సిన పని ఇంకోటుంది. మీ ఊరి మండువలో ఎన్ని రేకలున్నాయో రాయండి. ఏ కల్లుకు ఏ పేరు, ఏ పూట ఏ రుచి అన్నది ముసలివాళ్ళను అడిగి రాయండి. దుకాణం మూయించిన ఆడవాళ్ళ మాట రాయండి. ఇవి చేరని రుచి శాస్త్రం ఎంత అందంగా రాసినా అది క్లబ్బు గది పుస్తకంగానే ఉండిపోతుంది.