రీడు పెట్టె పనితనం

క్లారినెట్ పొడవు రెండడుగుల పైచిలుకు. నల్లచేవ కర్ర, వెండి పూత మీటలు, బెండు అతుకులు, ఇన్ని ఉన్నా అందులో మొదట కదిలేది మూతి (మౌత్‌పీస్) దగ్గర బిగించిన రీడు అనే ఒక రెల్లు బద్ద. దాని పొడవు ఏడు సెంటీమీటర్లకు లోపే. కొస మందమైతే మిల్లీమీటరులో సుమారు పదో వంతు. ఆ కొస సెకనుకు కొన్ని వందల సార్లు మూసుకుని తెరుచుకుంటేనే స్వరం పుడుతుంది. ఈ బద్దను భద్రపరచడానికి తయారయ్యే చిన్న పెట్టెలు చూడడానికి సాదాగా ఉంటాయి. వాటిలోని ప్రతి గాడికీ, ప్రతి రంధ్రానికీ కారణం మాత్రం రీడు ఒంట్లోనే ఉంది.

అందుకే ముందు రీడును చూడాలి. అరుండో డోనాక్స్ అనే ఎత్తైన రెల్లు జాతి గడ్డి దీనికి ముడిసరుకు. దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతపు పంటకు దీనిలో పేరుంది. రెండేళ్లు ఎదిగిన గడలను చలికాలంలో కోసి, ఆరబెట్టి, బంగారు రంగు తేలేదాకా ఎండకు తిప్పుతారు. తర్వాత గడను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను నిలువునా నాలుగుగా చీలుస్తారు. చీలిక లోపలి వైపును అద్దంలా చదును చేస్తారు. పైవైపు మొదలు దగ్గర బెరడును అలాగే ఉంచి, మిగతా భాగాన్ని కొస దాకా వాలుగా చెక్కుతారు. మంచి రీడును దీపానికి అడ్డంగా పట్టుకుంటే నడుమ నాలుక ఆకారంలో ఒక నీడ కనిపిస్తుంది. ఆ నీడ రెండు పక్కలకూ సమానంగా పలచబడుతూ కొస దగ్గర వెలుతురులో కలిసిపోతుంది. చెక్కినవాడి చేతికి, యంత్రానికి ఉన్న నిదానం అక్కడ తెలుస్తుంది.

ఇక కంటికి కనపడని సంగతి. బద్ద నిండా నిలువునా సన్నని నాళాలు ఉంటాయి. వాటిని గట్టి పీచు చుట్టుకుని ఉంటుంది, మధ్య ఖాళీలను మెత్తని కణజాలం నింపుతుంది. ఒకప్పుడు మొక్కకు నీళ్లు మోసిన దారులే ఇప్పుడు వాయించేవారి ఉమ్మిని పీల్చుకుంటాయి. నీళ్లు తాగితే బద్ద నిలువునా పెరిగేది చాలా తక్కువ, అడ్డంగా ఉబ్బేది ఎక్కువ. బెరడు నీటిని అంత తేలిగ్గా రానివ్వదు. చెక్కిన చోట రెల్లు వెంటనే తాగుతుంది, అంతే వెంటనే ఆరుతుంది. అంటే ఒకే బద్దలో మొదలు ఒక తీరుగా, కొస ఒక తీరుగా, అడుగు ఇంకొక తీరుగా నీటికి స్పందిస్తాయి. ఎర్రటి ఎండలో వేసిన తడి అప్పడం ఏ పక్క ముందు ఆరితే ఆ పక్కకు ముడుచుకున్నట్టే ఇదీ ముడుచుకుంటుంది.

ఆ ముడత రెండు చోట్ల కనిపిస్తుంది. కొస అంచు అలలు అలలుగా ముడతలు పడుతుంది. మళ్లీ తడిపి కాసేపు ఆగితే ఇది చాలావరకు సర్దుకుంటుంది. రెండోది మొండిది. చదునుగా ఉండాల్సిన అడుగు ముఖం ఉబ్బుతుంది, లేదా గుంట పడుతుంది. అప్పుడు రీడుకూ మౌత్‌పీస్‌కూ మధ్య గాలి కారుతుంది. దీన్ని పట్టుకోవడానికి వాద్యకారుల దగ్గర చక్కని పరీక్ష ఉంది. రీడు బిగించిన మౌత్‌పీస్ వెనుక రంధ్రాన్ని అరచేత్తో మూసి, నోటితో లోపలి గాలి పీల్చి వదులుతారు. రీడు ఒక క్షణం అతుక్కుని ఉండి, ‘టప్’మని విడిస్తే అడుగు చదునుగా ఉన్నట్టు. పీల్చగానే వదులైపోతే ఎక్కడో సందు ఉన్నట్టు.

రీడు చెడేది తడి వల్ల అనుకుంటాం. ఎక్కువగా చెడగొట్టేది ఆరే తీరు. పెట్టె చేయాల్సిన ముఖ్యమైన పని ఇదే: అన్ని పక్కలా ఒకే వేగంతో, నెమ్మదిగా ఆరేలా చూడడం. కొసకు దేని తాకిడీ లేకుండా కాచడం దీనికి తోడు.

ఈ పని చేయడానికి రెండు దారులున్నాయి, రెండింటి వెనకా ఆలోచన ఉంది. ఒకటి గాజుపలక. గాజుకు మించిన చదును చౌకగా దొరకదు. నీటిని పీల్చదు, తుడిస్తే శుభ్రమవుతుంది. తడి రీడును దాని మీద బోర్లా పెట్టి, బెరడు ఉన్న మొదలు భాగం మీదుగా ఎలాస్టిక్ పట్టీ వేస్తారు. చెక్కిన భాగం మీద ఏ బరువూ పడదు. కొస గాజు అంచు దాటదు కాబట్టి మూత వేసినప్పుడు తగలదు. ఆరుతున్నంతసేపూ అడుగు ముఖం గాజును అంటిపెట్టుకుని ఉంటుంది, వంగడానికి చోటు చిక్కదు.

రెండో దారి వాళ్లు దీన్ని ఒప్పుకోరు. అడుగు ముఖానికి గాలి తగలకపోతే పైముఖం ముందు ఆరిపోతుంది కదా, వంకర పుట్టేది అక్కడే కదా అంటారు. అందుకని వాళ్ల పెట్టెల్లో గాజుకు బదులు సన్నని గట్లున్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. రీడు గట్ల మీద ఆనుకుంటుంది, గట్ల మధ్య గాళ్లలోంచి గాలి ఆడుతుంది. ఈ వాదనలో నాకు రెండో వైపే బలంగా కనిపిస్తుంది, ముఖ్యంగా కాకినాడ, విశాఖ లాంటి తేమ ఊళ్లలో. అక్కడ గాలి ఆడని తడి రీడుకు బూజు పట్టడం ఖాయం. హైదరాబాద్ ఎండాకాలంలో, ఏసీ గదుల్లో మాత్రం గాజుపలక నిదానం పనికొస్తుంది.

ఓబో, బసూన్ వాద్యాల రీడ్లకు ఈ పలకలు పనికిరావు. అవి ఎదురెదురుగా దారంతో కట్టిన జంట బద్దలు. పలక మీద అదిమిపెడితే వాటి మధ్య సందే మూసుకుపోతుంది. వాటి పెట్టెల్లో చిన్న మేకుల్లాంటి కడ్డీలు నిలబెట్టి ఉంటాయి. రీడు మొదట్లోని గొట్టం కడ్డీకి తొడుక్కుంటుంది, బద్దలు దేనికీ తగలకుండా గాలిలో నిలుస్తాయి. మన నాదస్వరం పీక కూడా జంట పొరలదే. దానికి పెట్టెకన్నా ముందే ఒక ఏర్పాటు ఉంది. అదనపు పీకల్ని, వాటి సందు సరిచేసే దంతపు సూదిని దారాలతో వాద్యం పైభాగానికే వేలాడదీస్తారు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా (1924–1999) లాంటి విద్వాంసుల చేతిలోని ఈ వాద్యాన్ని గమనిస్తే ఆ గుత్తి అలంకారంలా కనిపిస్తుంది. నిజానికి అది గాలి ఆడే, పొరలకు ఒత్తిడి తగలని, కచేరీ మధ్యలో చేతికందే అర. ఓబో పెట్టెలోని కడ్డీ సూత్రం ఇక్కడ దారంతో నెరవేరింది.

ఈ మధ్య పెట్టెల్లోకి చేరిన తేమ సంచి గురించి చెప్పకపోతే లోటే. ఉప్పు ఇక కరగనంతగా కరిగిన నీటిని మూసిన డబ్బాలో ఉంచితే, పైన ఉన్న గాలి తేమ మామూలు ఉష్ణోగ్రతలో 75 శాతం దగ్గర నిలిచిపోతుంది. గాలి పొడిబారితే ద్రావణం నీటిని ఇస్తుంది, తేమ మించితే తీసుకుంటుంది. పొటాషియం క్లోరైడ్ వాడితే ఆ అంకె 84 దాకా వెళ్తుంది. ఆవిరిని మాత్రమే పోనిచ్చే పొరలో ఇలాంటి లవణ ద్రావణాన్ని పొట్లంగా కట్టి పెట్టెలో పడేస్తే, మీటా తీగా బ్యాటరీ ఏదీ లేకుండా తేమ తనంతట తానే కుదురుకుంటుంది. వంటింటి ఉప్పు చేయగల పనే ఇది. రీడు రక్షణలో ఇంత పొందికైన ఏర్పాటు మరొకటి నాకు కనిపించలేదు.

పెట్టెలోని అరల మీద 1, 2, 3, 4 అని అంకెలు వేయడం చిన్న విషయంలా ఉంటుంది గానీ, దానిలోనూ తెలివి ఉంది. ఒకే రీడును రోజూ వాయిస్తే అది పూర్తిగా కోలుకోకముందే మళ్లీ తడుస్తుంది. వంతులవారీగా తీస్తే ప్రతిదానికీ విశ్రాంతి దొరుకుతుంది, ఏది బాగా పలుకుతోందో గుర్తూ ఉంటుంది.

పెళ్లి ఊరేగింపుల్లో క్లారినెట్, సాక్సఫోన్ వాయించే బ్యాండ్ మేళం మిత్రులకు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. వాయించడం అయ్యాక రీడును మౌత్‌పీస్‌కే వదిలేయకండి. విప్పి, మంచినీళ్లతో కడిగి, మొదలు నుంచి కొస వైపుకే వేలితో తుడిచి, అరలో పెట్టండి. రీడ్ల డబ్బా కొన్న రోజే పెట్టె కూడా కొనండి.