వేలికి తెలిసిన తడి

ఆదివారాలు మా వీధిలోకి కడియం మొక్కల బండి వస్తుంది. మొదటి ఏడాది ఆ బండి దగ్గర కొన్న మొక్కలన్నిటినీ ప్రేమతోనే చంపాను. ఆకు వాలితే నీళ్లు, పసుపెక్కితే ఇంకాసిని నీళ్లు. స్నేక్ ప్లాంటు ఒకటి పట్టుకోగానే ఊడి చేతికొచ్చింది. వేళ్లన్నీ గుజ్జు, మురుగు వాసన.

"నీళ్లెక్కువైనాయమ్మా. వేరుకి గాలాడాలి గదా," అన్నాడు బండి అబ్బాయి. కుండీలో చూపుడువేలు రెండో కణుపు దాకా గుచ్చి చూపించాడు. పైన ఎండినా లోపల తడి తగిలితే చెంబు పక్కన పెట్టేయాలట.

వినడానికి ఇంతే. నా వేలికి పట్టుబడటానికి రెండు వేసవులు పట్టింది. బంకమట్టి బాగా ఎండితే కుండీ అంచుని వదిలేస్తుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి పళ్లెంలోకొస్తాయి, మొక్క దాహం మొక్కదే. అప్పుడు కుండీని బకెట్లో ముంచి, బుడగలు ఆగాక తీయాలి. పిండినల్లికి లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు, చల్లడం సాయంత్రమే. ఎరువుల సంగతి నాకింకా చేతకాలేదు, ఒప్పుకుంటాను.

ఆమధ్య పసుపు అంచున్న స్నేక్ ప్లాంటు ఆకుముక్కని ఇసుకలో గుచ్చాను. నెలలు గడిచాక పిలకొచ్చింది, ఒట్టి ఆకుపచ్చగా! బండి అబ్బాయి చూసి నవ్వాడు.

"ఆకుతో పెడితే అంచు పోద్దమ్మా. దుంపతో విడదీసి పెట్టాలి."