వల మడత

కొత్తపట్నం పల్లెపాలెంలో పొద్దు వాలే వేళ ఒక పెద్దాయన పడవలో నిలబడి వల మడత పెడుతున్నాడు. ఇద్దరు కుర్రాళ్ళు ఇసుకలోంచి వల అందిస్తుంటే ఆయన లోపలికి దించుకుంటున్నాడు. బెండ్లున్న తాడు ఎడమవైపు, సీసం గుళ్ళున్న తాడు కుడివైపు, నడుమ వల పొర మీద పొర. మర్నాటి వేటకు నన్నూ తీసుకెళ్ళమని అడగడానికి వచ్చినవాణ్ణి, అడగాల్సింది అడిగేశాక కూడా కదల్లేక గంటసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ గంటలో ఆయన రెండుసార్లు ఆగి, పేర్చిన పొరను విప్పి మళ్ళీ పేర్చాడు. విప్పిన పొరకూ పేర్చిన పొరకూ నాకు తేడా కనపడలేదు. అదే అడిగాను.

“ఇప్పుడు తెలీదు సారూ. రేపు చీకట్లో వల పొయ్యేటప్పుడు తెలుస్తది,” అన్నాడు.

ఒంగోలు నుంచి కొత్తపట్నం సుమారు 18 కిలోమీటర్లు. మాకు ఆ ఊరు కార్తీక పౌర్ణమి స్నానాలప్పుడు గుర్తొస్తుంది, ఎండాకాలపు ఆదివారాలు గుర్తొస్తుంది. పొగాకు బ్యారన్లూ మిరప కళ్ళాలూ చూస్తూ పెరిగినవాళ్ళం కదా, పనితనం అంటే మా కళ్ళు నేల మీదికే పోతాయి. గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదిలే చేతిని మా పెద్దలు ఎంత మెచ్చుకునేవారో నాకు తెలుసు. మొలక వచ్చాక సాలు చూసి, విత్తింది ఎవరో చెప్పేవాళ్ళు ఉండేవారు. ఆ చేతికి తోడబుట్టిందనదగ్గ చేయి ఇంత దగ్గర్లో ఉందని తెలుసుకోవడానికి నాకిన్నేళ్ళు పట్టింది.

అది కానాగంతల వల. కన్ను 50 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. వంజరానికైతే దానికి రెట్టింపు, కవళ్ళకైతే ఇంకా సన్నం. చేప తల కన్నులో దూరాలి, ఒళ్ళు దూరకూడదు. వెనక్కి తగ్గబోతే మొప్పల దగ్గర దారం బిగుసుకోవాలి. ఈ లెక్క వినడానికి తేలిక. అసలు కిటుకు వలను తాడుకు కట్టడంలో ఉంది. పది బారల వలను అయిదారు బారల తాడుకే కూర్చి కడతారు. అలా కూర్చితేనే కన్ను నీళ్ళలో వజ్రం ఆకారంలో తెరుచుకుంటుంది. బిగువుగా కడితే చేప కొట్టుకొని తిరిగిపోతుంది. మరీ వదులైతే ఏది పడితే అది చిక్కుకొని వల ఉండచుట్టుకుపోతుంది. వల బజారులో మిషను మీద అల్లిందే దొరుకుతుంది కానీ ఈ వదులు బజారులో దొరకదు. ఎన్ని కన్నులకు ఒక ముడి వేయాలో ఆ ఇంటి మగవాళ్ళ వేళ్ళకు తెలుసు.

తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరాం. సంక్రాంతి వెళ్ళి నెల కావస్తోంది, ఆ వేళ ఇంకా చలి ఉంది. నేలగాలి ఒడ్డు మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తోంది. పడవలో పెద్దాయన, ఆయన తమ్ముడి కొడుకైన కుర్రాడు, ఇంకో ఇద్దరు, లైఫ్ జాకెట్ తొడిగిన నేను. అందరూ ఆయన్ని బాబాయ్ అంటున్నారు. నేనూ అలాగే పిలిచాను. పడవను నీళ్ళలోకి నెట్టే ముందు ఆయన వంగి నీళ్ళు తాకి కళ్ళకద్దుకున్నాడు. సముద్రాన్ని వాళ్ళు గంగమ్మ అంటారు.

ఇక్కడ జెట్టీ లేదు. ఇసుకలోంచి తిన్నగా అలల్లోకి నెట్టాల్సిందే. రాష్ట్ర ప్రభుత్వం రెండో విడత ఫిషింగ్ హార్బర్ల జాబితాలో కొత్తపట్నం పేరు చేర్చింది కానీ, ఆ తెల్లవారుజామున మాకున్నది నలుగురి భుజాలే. అలలు గుంపులుగా వస్తాయి. పెద్దవి కొన్ని వరసగా విరిగాక కాస్త తెరిపి ఉంటుంది. బాబాయ్ మోకాలి లోతు నీళ్ళలో పడవ అంచు పట్టుకొని ఆ తెరిపి కోసం చూశాడు. ఎవరూ మాట్లాడలేదు. “ఇంక నెట్టండి,” అన్న మాటకూ పడవ ముక్కు అలను చీల్చడానికీ మధ్య నేను గుండె చిక్కబట్టుకొనే పాటి వ్యవధి కూడా లేదు. ఇంజనుకు తగిలించిన పొడవాటి కడ్డీని, చివరనున్న పంకాతో సహా, కుర్రాడు పైకెత్తి పట్టుకున్నాడు. నీరు నడుముకు మించగానే దించాడు. ఒక్క క్షణం ముందు దించితే పంకా ఇసుకలో దిగబడుతుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే పక్కనుంచి వచ్చే అల పడవను అడ్డం తిప్పేస్తుంది.

బాబాయ్ ఈ పని నేర్చుకున్నది తెప్ప మీద. తేలికపాటి దుంగల్ని పక్కపక్కన చేర్చి తాళ్ళతో బిగించిన తెప్పను అల ముంచినా నీరు దుంగల సందుల్లోంచి కారిపోతుంది, మునగడమన్నది దానికి తెలీదు. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఎండబెట్టి, మర్నాడు మళ్ళీ కట్టేవారు. అంటే రోజుకో పడవ కట్టినట్టే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో చిన్న మత్స్యకారుల కోసం మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం, అలల్లోంచి ఒడ్డెక్కగల పడవల నమూనాలు గీయించి తూర్పు తీరంలో నడిపి చూసింది. తర్వాత ఫైబర్ పడవలొచ్చాయి, 2004 సునామీ తర్వాత మరీ ఎక్కువయ్యాయి. పడవ మారినా అలను చదివే చదువు తెప్ప మీదిదే. అల వచ్చేటప్పుడు బాబాయ్ ఇప్పటికీ కూర్చోడు. అరికాళ్ళు పడవ అడుగుకు ఆనించి, మోకాళ్ళు కొద్దిగా వంచి నిలబడతాడు.

నాకు మాత్రం, “లేవబాకండి సారూ,” అని గట్టిగా చెప్పాడు.

గంట సేపు తూర్పుగా పోయాం. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్ళు చట్టం ప్రకారం సంప్రదాయ మత్స్యకారులవి, పెద్ద మరబోట్లు అక్కడ వల వేయకూడదు. మేం ఆ హద్దు లోపలే ఆగాం. ఎక్కడ ఆగాలో నిర్ణయించిన తీరు చెప్పాలి. ముందు ఒడ్డు మీది దీపాలు చూశాడు. సెల్ టవర్ ఎర్రదీపం ఊళ్ళోని ఒక దీపానికి సరిగ్గా పైకి వచ్చేదాకా పడవను దక్షిణానికి జరిపాడు. పగలైతే టవర్ బదులు తాటిచెట్లు, సరుగుడు తోపు అంచు. ఆ రెండు దీపాలూ ఒక గీత. ఉత్తరాన మరో రెండు గుర్తులు ఇంకో గీత. రెండు గీతలూ కలిసిన చోట మనం ఉన్నట్టు. కుర్రాడు ఫోనులో జీపీఎస్ తీసి చూపించాడు, పోయినసారి గుర్తు పెట్టుకున్న చోటికి దగ్గర్లోనే ఉన్నాం. బాబాయ్ దాన్ని శ్రద్ధగా చూసి తలూపాడు. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు పట్టిన నీటి వేడినీ నాచు రంగునూ చూసి చేపలుండే చోట్లు తెలుగులో చెబుతుంది కదా, దాన్నీ వింటాడు. తర్వాత తాడుకు కట్టిన రాయి దించాడు. ఎనిమిది బారలు. పైకి తీసి రాయికి అంటిన బురదను వేళ్ళ మధ్య నలిపి చూసి, “మెత్తగా ఉంది, సరే,” అన్నాడు.

చివరగా తెడ్డుతో నీళ్ళు కలియబెట్టాడు. నీళ్ళలో మిణుగురుల్లాంటి పచ్చని మెరుపు లేచి ఆరిపోయింది. కంటికి కనపడని సూక్ష్మజీవులు కదలికకు వెలిగే వెలుగు అది. ఆ వెలుగు ఎక్కువైతే చీకట్లో వల కన్నులన్నీ దీపాల తోరణంలా మెరుస్తాయి, చేప చూసి తప్పుకుంటుంది. అందుకని కాసేపు ఆగుదామన్నాడు. తూర్పున బూడిద రంగు పడి నీటి మెరుపు వెలవెలబోవాలి, వల దారం చేపకు కనపడేంత వెలుగు మాత్రం రాకూడదు. ఆ రెంటి నడుమ దొరికే కొద్ది నిమిషాల్లో కిలోమీటరు పైచిలుకు వల నీళ్ళలో పడాలి.

అప్పుడు అర్థమైంది నాకు ఆ మడత.

జెండా కట్టిన మొదటి బెండు నీళ్ళలో పడింది. పడవ నీటి పోకడకు అడ్డంగా, గాలి తనను వల మీదికి నెట్టకుండా, మెల్లగా నడుస్తోంది. వల పొరలు పొరలుగా లేచి అంచు దాటుతోంది. ఎడమ చేత్తో ఒకరు బెండ్ల తాడు, కుడి చేత్తో ఇంకొకరు సీసం తాడు వదులుతున్నారు. వదులుతున్నారు అనడం కూడా ఎక్కువే. వేళ్ళు ఆనించి ఊరుకున్నారు. ఒక్క చిక్కు పడలేదు, ఒక్కసారి ఇంజను ఆపలేదు. నిన్న విప్పి పేర్చిన ఆ రెండు పొరలు ఎప్పుడు వెళ్ళిపోయాయో నాకు తెలీలేదు. తెలియకపోవడం కోసమే ఆయన వాటిని విప్పింది. జడ్డిగం పట్టిన చేయి గుర్తొచ్చింది. వేటలో కష్టమైన పని నిన్న సాయంత్రమే, ఇసుకలో, అయిపోయింది.

గంటన్నర ఆగాం. చద్దన్నంలో ఎండుమిరప కారం నంజుకొని తిన్నాం. ఎండ వచ్చింది.

వల తీసేటప్పుడు ఇద్దరు లాగుతుంటే బాబాయ్ చేపలు విడదీశాడు. చిక్కిన కానాగంతను వెనక్కి లాగితే మొప్పలు చిరిగి రక్తం కారుతుంది, చేప చెడుతుంది. ఒళ్ళు సగం దాటినదాన్ని ముందుకే తోసి తీస్తాడు. తల మాత్రం దూరినదానికి మొప్పల మీది రేకులు బొటనవేలితో నొక్కిపట్టి దారం జారుస్తాడు. జెల్ల కనపడితే మొదట ముల్లు విరిచేస్తాడు, అది గుచ్చుకుంటే విషం. తీసినవి తీసినట్టే ఐసు పెట్టెలోకి. కానాగంత మాంసంలో హిస్టిడిన్ ఎక్కువ. వేడికి పెరిగే సూక్ష్మజీవుల వల్ల అది హిస్టమిన్‌గా మారి, తిన్నవారికి ఒళ్ళంతా దద్దుర్లు తెస్తుంది, ఎంత వండినా పోదు. బాబాయ్ ఆ పేర్లు ఎత్తలేదు. “ఎండ తగిలిన కానాగంత అమ్మితే ఊళ్ళో మొహం ఎత్తుకోలేం,” అన్నాడు. పూట వేటకు పోయే చిన్న పడవ చేపకు ఉన్న రుచి అందుకే. ఎనిమిదింటికి నీళ్ళలో ఉన్నది పదకొండింటికి ఒంగోలులో గంపలో ఉంటుంది.

వల చివరి వంతులో బరువుగా ఏదో తగిలింది. ఆలివ్ రిడ్లే తాబేలు. ఈ నెలల్లో గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొస్తాయి. 1972 వన్యప్రాణి చట్టం వాటికి గట్టి రక్షణే ఇచ్చింది. ముందరి తెడ్డు కాలికి దారం మూడు చుట్లు బిగిసింది. తల నీటి పైకెత్తి ఊపిరి తీస్తోంది, బతికే ఉంది. కుర్రాళ్ళు డొప్ప పట్టుకున్నారు. బాబాయ్ కత్తి తీసి కాలి చుట్టూ వల కోశాడు. దారం చర్మంలోకి దిగిన చోట కత్తి పక్కన పెట్టి గోటితో పీకాడు. వదలగానే అది ఒక్కసారి తిరిగి లోతుకు పోయింది. వలలో తలుపంత కంత మిగిలింది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు, మిగతా వల లాగారు.

తిరుగు ప్రయాణంలో ఒడ్డు దగ్గరి అలలే మళ్ళీ పరీక్ష. పోయేటప్పుడు అల ఎదురుగా కనపడుతుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తరుముతుంది. దానికంటే ముందు ఉరికితే అల విరిగి వెనక భాగాన్ని ఎత్తి పడవను తిప్పేస్తుంది. వెనకబడితే తర్వాతి అల మీద పడుతుంది. బాబాయ్ ఒక అలను ఎంచుకొని దాని వీపు మీదే, దాని వేగంతోనే ఒడ్డుదాకా వచ్చాడు. అల ఇసుక మీద పరుచుకుంటున్నప్పుడు కుర్రాడు కడ్డీ ఎత్తేశాడు, పడవ అడుగు మెత్తగా నేల తాకింది. గంపలతో ఆడవాళ్ళు అప్పటికే నిలబడి ఉన్నారు. ట్రాక్టరు పడవను పైకి లాగుతుండగానే వేలం మొదలైంది. కానాగంతలు, కొన్ని పారలు, ఒక చిన్న వంజరం. లెక్క తేలాక పడవకూ వలకూ డీజిలుకూ పోను మిగిలింది వాటాలుగా పంచుకున్నారు.

నేను బస్సుకు పోవాలి. పోబుద్ధి కాలేదు. బాబాయ్ కంత ఉన్న చోటు ఇసుకలో పరిచి, చుట్టూ చిరిగిన దారాలు కత్తిరించి, మూలకు మూడు కాళ్ళున్న ఒక కన్ను మిగిలేలా చూసుకొని అక్కడి నుంచి మొదలుపెట్టాడు. దారం చుట్టిన సూది కన్నులో దూరుతుంది, చూపుడువేలి మీద కొలత పడుతుంది, బొటనవేలు నొక్కుతుంది, ముడి బిగుస్తుంది. వరసకు వరస. కొలబద్ద లేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కంత లేదు. కళ్ళు మూసుకొని ఆ మేర వేళ్ళు పోనిచ్చి చూశాను, ఎక్కడ మొదలుపెట్టాడో ఎక్కడ ముగించాడో దొరకలేదు. ఆయన నవ్వి నా చేతిలోంచి వల తీసుకున్నాడు. కుర్రాళ్ళని కేకేసి పడవెక్కి నిలబడ్డాడు. బెండ్ల తాడు ఎడమవైపుకు, సీసం తాడు కుడివైపుకు వేసుకున్నాడు.