వాకుడు మొక్కకు ఊరి పేరు

కర్ణాటకలో బీదర్ జిల్లా ఔరాద్ తాలూకాలోని సంతపూర్ చుట్టుపక్కల చేలగట్ల మీద ఎండాకాలం వచ్చినా పచ్చగా కనిపించేది వాకుడు. నేలకు పరుచుకుని పెరుగుతుంది. ఆకుల ఈనెల మీద కూడా పొడుగాటి పసుపుపచ్చ ముళ్ళు, ఊదా పూలు, తెల్లచారల పచ్చికాయలు. పండితే కాయ పసుపు రంగుకు తిరుగుతుంది. ఆయుర్వేదంలోని దశమూలాల్లో ఒకటి కనుక దీని వేరుకు గిరాకీ ఉంది. హెర్బేరియం (ఒత్తి ఆరబెట్టిన మొక్కల షీట్ల సేకరణ) కోసం మాత్రం దీన్ని కోసేవాళ్ళు తక్కువ. ఎక్కడపడితే అక్కడ దొరికే మొక్కే కదా అంటారు. అందుకే కొయ్యాలని నేనంటాను.

వాకుడును ఒత్తి ఆరబెట్టడం ఓపికతో కూడిన పని. ముళ్ళు న్యూస్‌పేపర్‌ను చీల్చుకుని పక్క మొక్క మీదికి పోతాయి. రెండువైపులా అట్ట పెట్టాలి. కాయలో రసం ఎక్కువ, అలాగే ఒత్తితే బూజు పడుతుంది. అడ్డంగా కోసి విడిగా ఆరబెట్టి, చిన్న కాగితపు కవర్లో వేసి షీటుకు అంటించాలి. ఒక ఆకునైనా తిరగేసి పెట్టాలి, వెనకవైపు ముళ్ళు కనబడాలి. మొదటి రోజుల్లో కాగితాలు రోజూ మార్చాలి.

ఇంత చేసినా, షీటు కింద కుడిమూలన అంటించే చీటీ సరిగ్గా లేకపోతే అది ఉత్త ఎండుమొక్క. 'సంతపూర్' అని రాసి ఊరుకుంటే చాలదు. ఊరికి ఏ దిక్కున, ఎంత దూరంలో, నల్లరేగడా మొరం నేలా, పక్కన కంది ఉందా సోయా ఉందా, అన్నీ రాయాలి. ఎండాక పూవు రంగు నిలవదు కాబట్టి అదీ రాయాలి. మూడు భాషలు కలిసే చోటు కనుక వాకుడు, నెలగుళ్ళ, రింగణి అని మూడు పేర్లూ రాస్తాను.

ఈ ప్రాంతం విషయంలో నాకు మరీ పట్టుదల. కుక్ రాసిన బొంబాయి ప్రెసిడెన్సీ వృక్షసంపద గ్రంథం 1901–1908 మధ్య వచ్చింది. గ్యాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ గ్రంథం 1915–1936 మధ్య వచ్చింది. బీదర్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది, ఆ రెంటికీ బయటే మిగిలింది. 1956 నవంబరులో జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. అంతకుముందు కోసిన మొక్కకు హైదరాబాద్ రాష్ట్రం అని రాసి ఉంటే, ఈనాటి విద్యార్థి దాన్ని కర్ణాటకలో వెతకాలి. శాస్త్రీయ నామమూ నిలకడగా లేదు. పాత పుస్తకాల్లో సొలానమ్ జాంతోకార్పమ్, తర్వాత సురట్టెన్స్, ఇప్పుడు వర్జీనియానమ్. పేరు మారినప్పుడు పాత చీటీ పీకరు, పక్కన కొత్తది అంటిస్తారు. ఈ పద్ధతి నాకెంతో ఇష్టం. ఎవరు ఎప్పుడు ఏమనుకున్నారో అంతా ఆ షీటు మీదే ఉంటుంది.

చోటును వివరంగా రాయడం ఎందుకు ముఖ్యమో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికా నైరుతి ఎడారి లోయల్లో ఇదే కుటుంబానికి చెందిన ఒక అడవి బంగాళాదుంప ఉంది, సొలానమ్ జేమ్సీ. 1820లో లాంగ్ అన్వేషణ యాత్రతో వెళ్ళిన ఎడ్విన్ జేమ్స్ దాన్ని సేకరించాడు. యూటాలో ఎస్కలాంటే దగ్గర దొరికిన రాతి పనిముట్లలో దాని పిండిరేణువులున్నాయని, మనుషులు దాన్ని దాదాపు 10,900 ఏళ్ళ కిందటే వాడారని 2017లో పరిశోధకులు ప్రకటించారు. యూటాలో ఆ మొక్క చాలాచోట్ల ప్రాచీన నివాసాల పక్కనే గుంపులుగా ఉంది. మనుషులతో దాని సంబంధానికి ఎక్కడ మొలిచిందన్నది కూడా ఒక ఆధారం. 'యూటా' అన్న ఒక్క మాటతో ఆ సంగతి తేలేది కాదు.

మన గట్ల మీద ఇప్పుడు కలుపు మందు కొడుతున్నారు. గట్లే చదునైపోతున్నాయి. వాకుడు అంతరించిపోతుందని నేననడం లేదు, మొండి మొక్క. ఏ గట్టు మీద ఎప్పటిదాకా ఉందో చెప్పడానికి మాత్రం ఒక కాగితం ఉండాలి. బోటనీ విద్యార్థులు అరుదైన మొక్క కోసం కొండలెక్కడం మంచిదే, కానీ సొంత ఊరి చేనుగట్టు కూడా వాళ్ళ పనిలో భాగమే.

కోసేటప్పుడు ఒకే మొక్క నుంచి రెండు కొమ్మలు తీసుకోండి, రెంటికీ ఒకే నంబరు వేయండి. ఒకటి కాలేజీ బీరువాలో ఉంటుంది. రెండోదాన్ని హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రం లాంటి చోటికి, ముందుగా అడిగి, పంపండి. చెదలు ఒకదాన్ని తిన్నా రెండోది మిగులుతుంది.