గన్నేరు చేదు, ఆముదం పిండి కమ్మదనం

వినాయక చవితి మర్నాటి నుంచి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వీధి మూలల్లో పత్రి కుప్పలు పడటం ఏటా ఉన్నదే అయినా, ఆ కుప్పల మీద మూగిన ఆవులనూ కుక్కలనూ చూసినవారికి చిరాకుతో పాటు కొంత భయమూ కలగక తప్పదు. పూజకు విధించిన 21 పత్రాలలో గరిక, మారేడు, తులసి వంటి నిరపాయమైన ఆకులతో పాటు కరవీరమనే గన్నేరు, దత్తూరమనే ఉమ్మెత్త, అర్కమనే జిల్లేడు కూడా ఉన్నాయి. గన్నేరులోనూ జిల్లేడులోనూ గుండె లయను చెడగొట్టే గ్లైకోసైడ్లు, అంటే చక్కెర అణువుతో ముడిపడిన పదార్థాలు ఉంటే, ఉమ్మెత్తలో నాడీ వ్యవస్థను కలవరపరిచే ఆల్కలాయిడ్లు ఉన్నాయి. పెంపుడు జంతువులున్న ఇంట ఏ మొక్కలు ఉండవచ్చునన్న ప్రశ్నను ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఈ ప్రశ్నకు జవాబు సాధారణంగా ఒక జాబితాగా వస్తుంది, ఆ జాబితాకు శాస్త్రీయమైన ఆధారమూ ఉంది. మనీ ప్లాంట్, డంబ్ కేన్, అలోకేసియా ఆకుల్లో సూదిమొనల కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉండటం వల్ల వాటిని కొరికిన కుక్కపిల్లకు నోరు మండి చొంగ కారుతుంది. ఈ మొక్కలన్నీ కంద కుటుంబానివే, కంద కోసిన చేతికి పుట్టే దురదకూ ఆ స్ఫటికాలే మూలం. పామ్ అన్న పేరుతోనే అమ్ముడుపోయే రెండింటిలో అరెకా పామ్ నిరపాయమైనది కాగా, తాటి జాతికి చెందనే చెందని సైకస్ గింజలు కుక్క కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణం తీయగలవు. చామంతి, కలబంద, రణపాల కూడా కుక్కలకూ పిల్లులకూ పడవు. దండల్లో గుచ్చే లిల్లీ కాక, బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీల పుప్పొడి సైతం పిల్లి మూత్రపిండాలను పాడుచేస్తుంది. మందార, మల్లె, గులాబి, స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్ నిశ్చింతగా పెంచుకోదగినవి.

జాబితా మంచిదే కాని అది మొక్కను మాత్రమే చూస్తుంది, జంతువు దాన్ని ఏ స్థితిలో నోట పెట్టుకుంటుందో చూడదు. పసుల కాపరి జ్ఞానం జాబితా కంటే సూక్ష్మమైనది, దానికి జొన్న కంటే మంచి ఉదాహరణ దొరకదు. పూతకు రాని లేత జొన్నలో, ముఖ్యంగా వాన ముఖం చాటేసి పైరు వాడినప్పుడు, ధురిన్ అనే పదార్థం పేరుకుంటుంది. పశువు నమలగానే అది విడివడి హైడ్రోసయనిక్ ఆమ్లాన్ని పుట్టించి, రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేకుండా చేస్తుంది. రైతులు నాము అనేది దీన్నే. ఆ జొన్ననే కోసి బాగా ఆరబెట్టి చొప్ప చేస్తే విషం చాలా వరకు పోతుంది కనుక కాపరి జొన్నను విషమని వెలివేయక, పైరు వయసెంత, వాన పడి ఎన్నాళ్ళయింది, కోసి ఎన్నాళ్ళయింది అన్నవి చూసుకున్నాడు. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వచ్చాక మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో వరి మళ్ళు పెరిగి జొన్న వెనక్కి తగ్గింది, దానితో పాటే ఆ చూపూ పలచబడింది.

గన్నేరు సంగతి దీనికి సరిగ్గా ఎదురు. నీరు తక్కువైనా బతుకుతుందనీ పశువులు ముట్టవనీ హైవే డివైడర్లలో దాన్ని నాటుతారు, అంటే కొమ్మ మీద ఉన్నంతకాలం ఆ చేదే మొక్కకూ పశువుకూ రక్ష. కోసిన ఆకు ఎండినా విషం మిగిలే ఉంటుంది, వాడిన ఆకును మాత్రం పశువు మునుపటంత గట్టిగా తిరస్కరించదు. పైగా ఆవు మేకలా పెదవులతో ఆకు ఆకూ ఏరుకునేది కాదు, నాలుక చుట్టి దొరికినంత లోపలికి లాక్కుంటుంది. గరికతో, అరటి తొక్కలతో కలిసిపోయిన గన్నేరాకును వేరుచేయడం దానివల్ల కాదు.

కాబట్టి నోరులేని జీవికి తన మేత తనకు తెలుసన్న నమ్మకం సగమే నిలుస్తుంది. బాల్కనీలో కట్టేసిన కుక్కపిల్ల ఆకలికి కాక ఊసుపోక కొరుకుతుంది. పాత నల్లగొండ జిల్లా మెట్ట నేలల్లో విరివిగా పండిన ఆముదాన్నే తీసుకుంటే, గట్టు మీద నిలిచిన చెట్టును కుక్క సాధారణంగా పట్టించుకోదు. గింజలోని రిసిన్ అనే విషపు ప్రొటీన్ నూనెలోకి దిగక పిండిలోనే ఉండిపోతుంది. సరిగా వేడిచేయని ఆ పిండిని ఎరువుగా, ఒక్కోసారి ఎముకల పొడితో కలిపి, గులాబి కుండీలో వేస్తే వాసనకు కుక్క మట్టి తవ్వి మరీ తింటుంది. వరి పొలాల్లో మిగిలిన గుళికల మందును పురుగు కోసమని కుండీలో చల్లడం ఇంకా ప్రమాదకరం. వాటిలో ఫోరేట్ గుళికల వాడకాన్ని 2020 డిసెంబరు 31 నుంచి ప్రభుత్వం నిషేధించింది కూడా.

జాబితాలో నిరపాయమని రాసిన గులాబి ప్రాణాంతకమైన కుండీలో ఉండవచ్చు, విషపు గన్నేరు ప్రహరీ అవతల ఎవరికీ హాని చేయక పూయవచ్చు. అందువల్ల నర్సరీలో మొక్క పేరు అడిగేముందు మట్టిలో ఏం కలిపారో అడగాలి, ఆముదం పిండి అంటే బాగా మాగిన పశువుల ఎరువుతో కుండీని తిరిగి నింపుకోవాలి, కత్తిరించిన గన్నేరు కొమ్మలను గోతిలో పూడ్చాలి. ఈ మూడూ చేయలేని ఇంటికి ఎంత మంచి జాబితా ఉన్నా కుక్కపిల్లకు ఒరిగేది తక్కువ.