'మా భూమి': మూలవిధేయత, బొగ్గుగనుల ప్రేక్షకుడు

నవల ఆధారంగా వచ్చిన చారిత్రక చిత్రంపై వెలువడే అభిప్రాయాలు తరచుగా ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతాయి: చిత్రం మూలానికి ఎంత విధేయంగా ఉంది? గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు నిర్మాతగా 1979లో రూపొందిన 'మా భూమి' విషయంలో ఈ కొలమానం చాలదు. దానికి ఆధారం కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. నవలలో కథ ఉరిశిక్షకు ఎదురుచూస్తున్న రాఘవరావు జ్ఞాపకాలుగా సాగుతుంది. చిత్రం ఆ చట్రాన్ని విడిచి, రామయ్య జీవితాన్ని కాలక్రమంలో చూపుతుంది. అంతర్ముఖత్వం తగ్గింది, ఊరు ముందుకు వచ్చింది.

ఈ మార్పు విలువ గోదావరిఖని వంటి చోట స్పష్టమవుతుంది. సింగరేణి గనుల్లో చేరినవారిలో ఎందరో చుట్టుపట్ల పల్లెలు విడిచి వచ్చినవారే. 1978 సెప్టెంబరు 7 నాటి జగిత్యాల జైత్రయాత్ర తర్వాత కరీంనగర్ జిల్లా ప్రేక్షకునికి దొర గడీ కేవలం గతకాలపు దృశ్యం కాదు. అందువల్ల 'చారిత్రక చిత్రం' అన్న వర్గీకరణే అక్కడ సడలుతుంది.

అయితే ఈ తాదాత్మ్యానికి హద్దు ఉంది. రామయ్య ఊరు విడిచి, నగరంలో కార్మిక చైతన్యం పొంది, తిరిగి ఊరికే వస్తాడు. బాయి పనికి కుదిరిన కార్మికుని జీవితంలో ఆ తిరుగుప్రయాణం అరుదు. అతని పోరాటస్థలం గనే. ఊరు విడవడం అతని అనుభవం, మరలిరావడం అతని ఊహ.

కనుక విశ్రాంత కార్మికుల నుంచి పరిశోధకులు రాబట్టవలసింది నవలతో పోలికను కాదు. తెరమీది ఊరిలో తమ ఊరు ఎంతవరకు కనిపించింది, ఏ దృశ్యం దగ్గర వేరైంది అన్న విషయాన్ని. ఆ తరం జ్ఞాపకం నిలిచి ఉండగానే ఈ పని జరగాలి.